మార్చిన బేరింగ్ మళ్లీ ఎందుకు అరుస్తుంది?

పాత కారు నడిపేవాళ్లలో చాలామందికి అనుభవమైన సంగతే ఇది. స్పీడు యాభై దాటగానే కింద నుంచి గుయ్‌మని ఒక మోత మొదలవుతుంది. స్పీడు పెరిగితే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. గ్యారేజీలో ఒక రౌండు తిప్పి చూసి "ఫ్రంట్ బేరింగ్ పోయింది సార్" అంటారు. మార్పిస్తాం. కొన్నాళ్లు కారు నిశ్శబ్దంగా తిరుగుతుంది. మూడు నాలుగు నెలలు గడిచేసరికి అదే మోత, అదే స్పీడులో, అదే మూల నుంచి. మళ్లీ బేరింగ్, మళ్లీ లేబర్ ఛార్జీ. ఇక ఆ కంపెనీ బేరింగే మంచిది కాదనో, కారు పాతబడిపోయింది కాబట్టి అమ్మేయడమే నయమనో ఒక నిర్ణయానికి వచ్చేస్తాం.

చక్రం బేరింగ్, అంటే రెండు రింగుల మధ్య బాల్స్ దొర్లుతూ చక్రాన్ని తేలిగ్గా తిరగనిచ్చే భాగం, సరిగ్గా కూర్చుంటే లక్ష కిలోమీటర్లు దాటి నడిచే వస్తువు. అలాంటిది నెలల్లో పోయిందంటే, దాన్ని పాడుచేసిన కారణం దాని చుట్టుపక్కలే ఉంది. కొత్తది వేసినా ఆ కారణం అక్కడే ఉంటుంది. అందుకే మోత రెండోసారి వచ్చినప్పుడు, మూడో బేరింగ్ కొనేముందు తీసేసిన బేరింగ్‌ను విప్పి చూడాలని నేను గట్టిగా చెబుతాను. ఎందుకు పోయిందో దాని మీద మచ్చలు, గుంటలు, గ్రీజు రంగు చెబుతాయి. అయితే అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. అసలు అరుస్తున్నది బేరింగేనా?

చెవి ఎక్కడ పొరబడుతుంది

ఒక చిన్న లెక్క వేద్దాం. పాత స్విఫ్ట్‌కు వచ్చే 165/80 ఆర్14 టైరు చుట్టుకొలత సుమారు 1.95 మీటర్లు. గంటకు 60 కి.మీ. వేగంలో ఆ చక్రం సెకనుకు ఎనిమిదిన్నర చుట్లు తిరుగుతుంది. బేరింగ్‌లో ఒక్కో వరుసకు 12 బాల్స్ ఉన్నాయనుకుందాం. బయటి రింగు ట్రాక్ మీద, అంటే బాల్స్ దొర్లే దారిలో, ఒకచోట చిన్న పెచ్చు లేచిందంటే, ఏ బాల్ దాని మీదుగా వెళ్లినా ఒక దెబ్బ పడుతుంది. బాల్స్ చక్రంతో సమానంగా చుట్టూ తిరగవు, దాదాపు నలభై శాతం వేగంతో తిరుగుతాయి. ఆ లెక్కన సెకనుకు 41 దెబ్బల చొప్పున పడతాయి. పెచ్చు లోపలి రింగు మీద ఉంటే 62 దాకా పడతాయి. ఇవి విడివిడిగా వినపడవు, కలిసిపోయి ఒక బొంగురు మోతగా వినిపిస్తాయి.

ఇప్పుడు టైరు సంగతి చూడండి. షాక్ అబ్జార్బర్ బలహీనపడిన కారులో టైరు ఒకే తీరుగా అరగదు, చుట్టూ అక్కడక్కడ పల్లాలు పడుతుంది. ఆరు చోట్ల పల్లం పడితే అదే 60 స్పీడులో సెకనుకు 51 దెబ్బలు. ఏడు చోట్ల పడితే 60. అంటే చెడిన టైరు, చెడిన బేరింగ్ రెండూ ఒకే శ్రుతిలో మోగుతాయి. రెండూ స్పీడుతో పాటే పెరుగుతాయి, రెండింటికీ ఇంజన్‌తో సంబంధం లేదు. ఎంత అనుభవమున్న మెకానిక్ చెవి అయినా ఇక్కడ తడబడుతుంది. బేరింగ్ మార్చినా మోత పోలేదనే ఫిర్యాదుల్లో కొన్నింటికి మూలం ఇదే: ఆ బేరింగ్ అసలు చెడిపోనే లేదు.

టైరును ముందుగా పక్కకు తీసేయడం తేలిక, ఖర్చు కూడా లేదు. తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డు మీదకు వెళ్లినప్పుడు గమనించండి. మోత స్వభావమే మారిపోతే టైరు వైపు అనుమానం బలపడుతుంది. బేరింగ్ మోత రోడ్డును బట్టి అంతగా మారదు. తర్వాత అరచేతిని ట్రెడ్ మీద ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి, చుట్టూ నెమ్మదిగా పాముకుంటూ వెళ్లండి. ఒక వైపు నున్నగా, ఇంకో వైపు రంపం పళ్లు తగిలినట్టు ఉన్నా, ఎత్తుపల్లాలు చేతికి తెలుస్తున్నా ఆ టైరు అరుస్తూనే ఉంటుంది. ఇంకా అనుమానంగా ఉంటే ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకు మార్చి అదే రోడ్డు మీద అదే స్పీడులో నడపండి. మోత వెనక్కి వెళ్లిపోయిందా, బేరింగ్ జోలికే వెళ్లక్కర్లేదు.

ఇక ఇంజన్, గేర్‌బాక్స్. ఖాళీ రోడ్డు మీద మోత బాగా వినపడే స్పీడుకు వెళ్లి గేరును న్యూట్రల్‌కు తేవాలి. ఇంజన్ మాత్రం ఆపకూడదు, ఆపితే బ్రేకు, పవర్ స్టీరింగ్ రెండూ బిగుసుకుపోతాయి. ఇంజన్ చప్పుడు తగ్గాక కూడా మోత అలాగే సాగితే అది చక్రాల వైపు నుంచి వస్తున్నదే. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఒక రకంగా, వదిలినప్పుడు ఇంకో రకంగా మారుతుంటే గేర్‌బాక్స్‌లో రెండు చక్రాలకూ శక్తిని పంచే డిఫరెన్షియల్‌ను కూడా అనుమానించాలి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా వెళ్తున్నప్పుడు టకటకమని కొట్టుకుంటే అది గేర్‌బాక్స్ నుంచి చక్రానికి వెళ్లే డ్రైవ్ షాఫ్ట్ బయటి జాయింట్, బేరింగ్ కాదు. డిస్కు వెనకున్న రేకు వంగి రాసుకుంటే కీచుమని సన్నగా వస్తుంది. దాన్ని వేలితో కాస్త వెనక్కి వంచితే సరిపోతుంది.

ఎడమా, కుడా తేల్చడానికి అందరూ వాడే పద్ధతి స్టీరింగ్‌ను మెల్లగా అటూ ఇటూ ఊపడం. ఎడమకు తిప్పితే కారు బరువు కుడి చక్రాల మీదకు వాలుతుంది, అప్పుడు మోత పెరిగితే కుడి బేరింగ్ అంటారు. చాలాసార్లు ఇది నిజమే. కానీ ఒక్క దీన్నే నమ్ముకుని బేరింగ్ విప్పడం మంచిది కాదు. ఈ బేరింగుల్లో రెండు వరుసల బాల్స్ ఉంటాయి. మలుపులో పక్క నుంచి పడే ఒత్తిడి ఒక వరుస మీద ఎక్కువ పడి, రెండో వరుసను తేలిక చేస్తుంది. చెడింది ఆ తేలికపడ్డ వరుస అయితే, బరువు పడిన వైపే మోత తగ్గవచ్చు. పైగా శబ్దం కారు బాడీ రేకుల గుండా ప్రయాణించి ఎక్కడో బయటపడుతుంది. వెనక బేరింగ్ మోత ముందు సీటు కింద వినిపించిన కార్లు ఉన్నాయి, కుడిది ఎడమ వైపు వినిపించినవీ ఉన్నాయి. మంచి బేరింగ్ తీసేసి, చెడ్డదాన్ని వదిలేస్తే మోత మళ్లీ వచ్చిందని అనుకుంటాం. అది అసలు పోనే లేదు.

నమ్మదగిన పరీక్ష జాకీ మీదే జరుగుతుంది. కారును జాకీతో ఎత్తి, కింద స్టాండు పెట్టి, చక్రం పైనా కిందా రెండు చేతులతో పట్టుకుని ఊపాలి. ప్లే ఉంటే, అంటే చక్రం వదులుగా ఆడితే, ఒకరిని బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కగానే ప్లే మాయమైతే బేరింగ్ వదులైంది. అప్పుడూ ఆడుతుంటే సస్పెన్షన్‌లోని బాల్ జాయింటో, ఇంకేదో. కానీ ప్లే లేదు కదా అని బేరింగ్ బాగుందని చెప్పలేం. ట్రాక్ పెచ్చులూడినా అసలు ఆడని బేరింగులు బోలెడు. దానికి ఇంకో ఉపాయం ఉంది. ఒక చేతి వేళ్లు సస్పెన్షన్ కాయిల్ స్ప్రింగు మీద ఆనించి, ఇంకో చేత్తో చక్రాన్ని తిప్పండి. చెవికి ఏమీ వినపడకపోయినా, చెడిన బేరింగ్ గరగర స్ప్రింగు ద్వారా వేళ్లకు తెలుస్తుంది. నాలుగు చక్రాలకూ ఇలా చేసి పోల్చి చూస్తే ఏది వేరుగా ఉందో దాదాపుగా తేలిపోతుంది. ముందు చక్రాలకు డ్రైవ్ షాఫ్ట్ బరువు కూడా తోడవుతుంది కాబట్టి ముందు దాన్ని ముందుదానితో, వెనక దాన్ని వెనకదానితోనే పోల్చాలి.

నకల్ లోపల జరిగేది

మన రోడ్ల మీద పదిహేనేళ్లు దాటి తిరుగుతున్న చిన్న కార్లలో ఎక్కువవాటికి ముందు చక్రాల్లో ఉండేది ఒకే ముక్కగా వచ్చే డబుల్ రో బేరింగ్. గ్రీజు ఫ్యాక్టరీలోనే నింపి రెండు వైపులా సీలు వేసి ఇస్తారు. దాని బయటి రింగు నకల్‌లో, అంటే చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే లోహపు ముక్కలో, ప్రెస్ మీద దిగి, కదలకుండా ఉంటుంది. లోపలి రింగు రెండు సగాలుగా ఉంటుంది. ఆ సగాల్లోకి చక్రాన్ని బిగించే హబ్‌ను దింపుతారు. హబ్ మధ్యలోంచి డ్రైవ్ షాఫ్ట్ వస్తుంది, చివర పెద్ద ఆక్సిల్ నట్టు. లోపలి రింగు రెండు సగాలను ఒకదానికొకటి నొక్కి పట్టి ఉంచేది ఆ నట్టు బిగింపే. కొత్త తరం కార్లలో చాలావాటికి హబ్, బేరింగ్ కలిసే వస్తాయి, బోల్టులు విప్పి మార్చేస్తే అయిపోతుంది. పాతవాటిలో మాత్రం పని మొత్తం ప్రెస్ మీద, ప్రెస్ పట్టిన మనిషి చేతిలో ఉంది. మోత తిరిగి రావడానికి కారణాల్లో సగానికి పైగా ఇక్కడే పుడతాయని నా నమ్మకం.

ప్రెస్ చేసేటప్పుడు పాటించాల్సిన నియమం ఒక్కటే. బేరింగ్‌ను నకల్‌లోకి దింపేటప్పుడు బయటి రింగు మీదే నొక్కాలి. హబ్‌ను బేరింగ్‌లోకి దింపేటప్పుడు లోపలి రింగుకు కింద నుంచి ఆనిక ఇవ్వాలి. ఎటు తిరిగీ ఒత్తిడి బాల్స్ మీదుగా పోకూడదు. రింగుకు ఆనించి నొక్కే సరైన సైజు గొట్టం, అంటే స్లీవు, దొరక్క, పాత బేరింగ్ రింగో, పైపు ముక్కో అడ్డం పెట్టి లోపలి రింగు మీద నొక్కేస్తే, టన్నుల ఒత్తిడి చిన్న చిన్న బాల్స్ మీదుగా బయటి రింగుకు చేరుతుంది. బేరింగ్ స్టీలు చాలా గట్టిది, దాదాపు ఒక శాతం కార్బన్, ఒకటిన్నర శాతం క్రోమియం కలిపి గట్టిపరిచిన లోహం. అయినా బాల్ ట్రాక్‌ను తాకే చోటు సూదిమొనంత కాబట్టి అక్కడ గుంట పడిపోతుంది. సుత్తితో కొట్టి దింపితే చెప్పనే అక్కర్లేదు.

అంత దెబ్బ తిన్న బేరింగ్ ఆ రోజు అరవకపోవచ్చు. గుంట లోతు చాలా తక్కువ, గ్రీజు కొత్తది. టెస్ట్ డ్రైవ్‌లో కారు నిశ్శబ్దంగా పోతుంది, డబ్బులిచ్చి వచ్చేస్తాం. ఆ తర్వాత లక్షలసార్లు బాల్స్ ఆ గుంట అంచుల మీదుగా దొర్లుతాయి. అంచుల దగ్గర లోహం అలిసిపోయి పెచ్చులుగా లేవడం మొదలవుతుంది. లేచిన ముక్క గ్రీజులో కలిసి మిగతా ట్రాక్‌ను గీకుతుంది. కొన్ని వారాలకో నెలలకో మోత. ఈ ఆలస్యమే అందరినీ తప్పుదారి పట్టిస్తుంది. బిగించిన రోజు బాగానే ఉంది కదా, మరి బేరింగే నాసిరకం అయ్యుంటుందని అనిపిస్తుంది.

హబ్ సంగతి కూడా చూడాలి. పాత బేరింగ్ నుంచి హబ్‌ను బయటికి నెట్టినప్పుడు లోపలి రింగులో బయటి సగం చాలాసార్లు హబ్‌తో పాటే వచ్చేస్తుంది. దాన్ని పుల్లర్‌తో తీయాలి. పుల్లర్ పట్టు దొరకకపోతే గ్రైండర్‌తో కోస్తారు, ఉలితో చీలుస్తారు. కోత కాస్త లోతుగా పోతే హబ్ మీద గాటు పడుతుంది. ఇంకో ప్రమాదం, పాత బేరింగ్ వదులై కొంతకాలం హబ్ మీదే జారుతూ తిరిగి ఉంటే హబ్ అరిగిపోయి ఉంటుంది. ఆ హబ్‌నే తుడిచి కొత్త బేరింగ్‌లో దింపితే లోపలి రింగుకు పట్టు ఉండదు.

నకల్ బోరు కూడా అంతే. బేరింగ్ బయటి రింగుకూ నకల్‌కూ మధ్య ఉండాల్సిన బిగువు కొన్ని పదుల మైక్రాన్లు మాత్రమే, మనిషి వెంట్రుక మందం కన్నా తక్కువ. బోరు అంతమాత్రం అరిగినా బయటి రింగు మెల్లగా చుట్టూ జరగడం మొదలుపెడుతుంది. కొత్త బేరింగ్ ప్రెస్ లేకుండానే, రెండు మూడు దెబ్బలకే దిగిపోతే సంతోషించకండి, బోరు పోయిందని అర్థం. చాలాచోట్ల దీనికి మందుగా బోరు చుట్టూ సెంటర్ పంచ్ కొట్టి బిగిస్తారు. పంచ్ దెబ్బలకు లేచిన మొనల మీదే బేరింగ్ నిలబడుతుంది, ఆ మొనలు అరగ్గానే మళ్లీ వదులు. నా దృష్టిలో అది మరమ్మతు కాదు. స్వల్పమైన వదులుకు రిటైనింగ్ కాంపౌండ్ అనే, సందులో గట్టిపడి పట్టుకునే జిగురు పూయడం కొంతవరకు పనిచేస్తుంది. అంతకు మించితే నకల్ మార్చడమే.

ఆక్సిల్ నట్టు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే దీన్ని సరైన కొలతకు బిగించే గ్యారేజీలు తక్కువ. చిన్న కార్లలో ఈ నట్టుకు సాధారణంగా 150 నుంచి 250 న్యూటన్ మీటర్ల మధ్య బిగింపు చెబుతారు, కచ్చితమైన అంకె ఆ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది. ఒక మీటరు పొడవున్న రాడ్డు చివర 20 కిలోల బరువు వేలాడదీస్తే సుమారు 196 న్యూటన్ మీటర్లు. ఎంత బిగించాలో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు. తక్కువ బిగిస్తే లోపలి రింగు సగాలు రెండూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోవు, బేరింగ్‌లో సందు పెరుగుతుంది, హబ్ లోపల ఆడుతుంది. ఇంపాక్ట్ గన్‌తో అంతూపొంతూ లేకుండా బిగిస్తే అటు షాఫ్ట్ మరలు, ఇటు బేరింగ్ లోపలి సందు రెండింటికీ చేటు. గన్ నట్టు విప్పడానికి, బిగింపు మాత్రం ఎంత బిగిసిందో కొలిచి చూపే టార్క్ రెంచ్‌తోనే. అలాగే నట్టు పూర్తిగా బిగించకుండా కారును చక్రాల మీద దింపి, రెండడుగులు ముందుకు తోసి, ఆ తర్వాత బిగించడం చాలామందికి అలవాటు. ఆ రెండడుగుల్లోనే వదులుగా ఉన్న సగాల మీద కారు బరువు పడుతుంది. అంచు వంచి లాక్ చేసే నట్టును మళ్లీ వాడకుండా కొత్తది వేయించుకోవడం మేలు, దాని ఖరీదు బేరింగ్ ఖరీదు ముందు లెక్కలోది కాదు.

బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుని జారకుండా చూసే ఏబీఎస్ ఉన్న కార్లలో చాలావాటికి బేరింగ్ ఒక వైపు సీలులోనే అయస్కాంతపు పట్టీ ఉంటుంది. బేరింగ్‌ను తిరగేసి దింపితే సెన్సర్ దాన్ని చదవలేదు, మీటర్‌లో ఏబీఎస్ లైటు వెలుగుతుంది. అప్పుడు మళ్లీ ప్రెస్ తప్పదు, ఆ తీయడంలో బేరింగ్ పోతుంది.

తీసిన బేరింగ్‌ను చూడటం

మా బావ పాత కారులో ఎడమ ముందు బేరింగ్ ఏడాది తిరక్కుండానే రెండుసార్లు మార్పించాడు. రెండో బేరింగ్ కూడా గుర్రుమనడం మొదలుపెట్టాక, ఈసారి విప్పేముందు నకల్‌లో బయటి రింగు పై భాగాన పెయింటు చుక్క పెట్టించాం. తీసిన బేరింగ్‌ను ఆటోనగర్‌లో ఒక లేత్ షాపుకు పట్టుకెళ్లాం. ఇలాంటి బేరింగ్‌ను కోయాల్సిన పని లేదు. సీళ్లు స్క్రూడ్రైవర్‌తో లేపేసి లోపలి రింగు సగాలు బయటికి లాగితే, బాల్స్ వాటిని వరుసలో పట్టి ఉంచే కేజ్‌తో సహా వచ్చేస్తాయి. కిరోసిన్‌లో కడిగి, గుడ్డతో తుడిచి, వెలుతురు కింద పెట్టాడు ఆ లేత్ పనివాడు.

గ్రీజు ఇంకా లేత గోధుమ రంగులోనే ఉంది, తడి తగిలిన తెల్లదనం లేదు. బయటి రింగు వెలుపలి వైపు శుభ్రంగా ఉంది, అంటే నకల్‌లో జరగలేదు. కానీ లోపల, బయటి వరుస ట్రాక్ మీద, ఒక పక్క అంచుకు దగ్గరగా చుట్టూతా గుంటలు. వరుసగా, సమానమైన దూరంలో. రెండు గుంటల దగ్గర పెచ్చులు లేచి, గోరు పెట్టి లాగితే తట్టుకుంటోంది. అతను కేజ్‌ను బాల్స్‌తో సహా తిరిగి ట్రాక్‌లో పెట్టి కాస్త తిప్పాడు. "చూడండి సార్, ఒక్కో బాలూ ఒక్కో గుంటలో కూర్చుంటోంది" అన్నాడు. ప్రతి బాల్ కిందా ఒక గుంట, అదీ ట్రాక్ అడుగున కాకుండా ఒక అంచు వైపు. అంటే ఒత్తిడి నిలువునా, బాల్స్ మీదుగా పోయింది. బేరింగ్‌ను దింపిన రోజే, ప్రెస్ కిందే అది పోయింది. అదే షాపులో బయటి రింగు సైజుకు ఒక స్లీవు, లోపలి రింగు సైజుకు ఇంకో స్లీవు తిప్పించి, వాటితో మూడో బేరింగ్ దింపించాడు మా బావ. ఆ మూల మళ్లీ అరవలేదు.

అన్ని గుంటలూ ప్రెస్ గుంటలు కావు. కారు బరువు నిలువుగా పడినప్పుడు కదలని బయటి రింగులో భారం మోసేది పై భాగం. గుంటలు చుట్టూ కాకుండా పై భాగంలోనే, రెండు మూడు బాల్స్ మేరకే ఉంటే అది గోతిలో పడ్డ దెబ్బ, లేదా చూడకుండా ఎక్కించిన స్పీడు బ్రేకర్. పెయింటు చుక్క పెట్టించింది ఇందుకే, అది లేకపోతే తీసిన రింగులో పై భాగం ఏదో చెప్పలేం. అసలు దొర్లకుండానే గుంటలు పడటం కూడా ఉంది. అమెరికాలో కొత్త కార్లను దూరప్రాంతాలకు చేరవేసినప్పుడు, కొనేవాళ్ల చేతికి రాకముందే చక్రాల బేరింగులు పాడవుతున్నాయని 1937లోనే ఆల్మెన్ అనే ఇంజనీరు రాశాడు. నిలబడి ఉన్న చక్రం సన్నగా అదురుతూ ఉంటే బాల్ కింద గ్రీజు పక్కకు తొలగి, లోహం లోహాన్ని రాపాడటం వల్ల వచ్చే అరుగుదల అది. ఊరు మారినప్పుడు కారును లారీ మీదో రైల్లోనో పంపించాక మోత మొదలైతే ఇదీ గుర్తుపెట్టుకోవాలి.

బయటి రింగు వెలుపల ఒకచోట అద్దంలా మెరిసి, పక్కనే ఎర్రటి తుప్పు పొడి లాంటిది అంటుకుని ఉంటే నకల్ బోరు వదులైంది. అదే ఎర్రటి పొడి లోపలి రింగు రంధ్రంలో ఉంటే హబ్ అరిగిందనో, నట్టు బిగింపు చాలలేదనో అనుమానించాలి. గ్రీజు మజ్జిగలా తెల్లబడి ఉంటే నీళ్లు దూరాయి. నల్లగా మాడి, ట్రాక్ నీలిరంగుకు తిరిగితే విపరీతంగా వేడెక్కింది. వేడికి కారణం బేరింగే కానక్కర్లేదు, వదలని బ్రేకు కావచ్చు. బ్రేకు ప్యాడ్‌లను నొక్కే కాలిపర్ పట్టేసిన చక్రానికి ఎన్ని బేరింగులు వేసినా అంతే సంగతి. ట్రాక్ మీద బాల్స్ ఆనిన చోట్ల కాలినట్టు చిన్న చిన్న గుంటలు ఉంటే కారుకు ఎప్పుడైనా వెల్డింగ్ చేయించారా అని అడగాలి. యాక్సిడెంట్ తర్వాత బాడీకి ఆర్క్ వెల్డింగ్ చేసేటప్పుడు ఎర్త్ క్లిప్పు ఎక్కడో దూరంగా తగిలిస్తే, కరెంటు బేరింగుల గుండా దారి వెతుక్కుంటుంది. బాల్‌కూ ట్రాక్‌కూ మధ్య చిన్న చిన్న మెరుపులు పుట్టి లోహాన్ని తినేస్తాయి.

నీళ్ల గురించి ఇంకొంచెం. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో మనం చూశాం. ఇంజన్ ఆయిల్ మార్చారు, సీట్లు ఎండబెట్టారు, చక్రాల బేరింగుల జోలికి వెళ్లినవాళ్లు తక్కువ. సీలు ఉన్నది బురద చిమ్మినప్పుడు కాపాడటానికి, రోజుల తరబడి నీళ్లలో నానడానికి కాదు. నడిచి వేడెక్కిన హబ్ ఉన్నట్టుండి వరద నీళ్లలో దిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, ఆ లాగుడుకు సీలు అంచుల నుంచి నీళ్లు లోపలికి వస్తాయి. తర్వాత కారు కదలకుండా నిలబడితే బాల్ ఆనిన చోటల్లా తుప్పు చుక్క. అక్కడి నుంచి పెచ్చులు, ఆ తర్వాత మోత. వరద వచ్చిన నెలలకు ఒకదాని తర్వాత ఒకటి నాలుగు చక్రాలూ అరిస్తే అవి వేర్వేరు బేరింగులు కాబట్టి మోత తిరిగి వచ్చిందని అనుకోకూడదు. ఒకే దెబ్బ నాలుగు చోట్ల వేర్వేరు వేళల్లో బయటపడుతోంది. వాటర్ సర్వీసులో ప్రెషర్ గన్‌ను హబ్ దగ్గర పెట్టి కొట్టనివ్వకపోవడం కూడా ఇందుకే.

అన్నీ సరిగ్గా ఉండి కూడా బేరింగులు త్వరగా పోతుంటే చక్రాల వైపు చూడండి. బాల్ బేరింగ్ మీద భారం రెట్టింపైతే దాని ఆయుష్షు సగం కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. కంపెనీ ఇచ్చిన రిమ్ము తీసేసి చక్రం బయటికి పొడుచుకొచ్చేలా వెడల్పాటి అల్లాయ్ వేసినా, స్పేసర్లు పెట్టినా, బరువు పడే గీత బేరింగ్ మధ్య నుంచి బయటికి జరుగుతుంది. అప్పుడు బయటి వరుస ఒక్కటే మోయాలి. తీసిన బేరింగ్‌లో బయటి వరుస నాశనమై లోపలి వరుస కొత్తదానిలా ఉంటే, ఆ కారు రిమ్ములు అసలువేనా అని ఒకసారి అడగండి.

వెనక చక్రాల్లో, జీపుల ముందు హబ్బుల్లో బాల్స్ బదులు ఒక వైపు సన్నబడే రోలర్లతో వచ్చే టేపర్ రోలర్ బేరింగులు ఉన్న బండ్ల కథ వేరు. అక్కడ బిగువును నట్టుతో మనమే సర్దాలి. నట్టు బాగా బిగించి, కాస్త వెనక్కి వదిలి, స్ప్లిట్ పిన్ను పెట్టడం. మరీ బిగువుగా ఉంచేస్తే కాలిపోతుంది, మరీ వదులైతే కొట్టుకుంటుంది. గ్రీజు రోలర్ల మధ్యకు చేత్తో కూరాలి, పైన పూస్తే చాలదు. ఈ బండ్లలో తిరిగొచ్చే మోతకు చాలావరకు కారణం కొత్త బేరింగ్‌కు పాత బయటి కప్పునే ఉంచేయడం. రెండూ జతగా మార్చాల్సినవి.

డూప్లికేట్ బేరింగులు మార్కెట్లో లేవని నేను అనను, ఉన్నాయి. ఎస్‌కేఎఫ్ లాంటి కంపెనీలు డబ్బా ఫొటో తీసి అసలో నకిలీయో అడగడానికి ఫోన్ యాప్‌లే పెట్టాయి. జైపూర్‌లో 1946లో మొదలైన నేషనల్ ఇంజనీరింగ్ ఇండస్ట్రీస్ వాళ్ల ఎన్‌బీసీ లాంటివి అధీకృత డీలర్ దగ్గర బిల్లుతో తీసుకుంటే సరిపోతుంది. రింగు మీద అక్షరాలు చెక్కినట్టు స్పష్టంగా ఉండాలి, గోరుతో గీకితే రాలకూడదు. కానీ తీసిన బేరింగ్ చూడకుండా "డూప్లికేట్" అని తీర్పు చెప్పేయడం మాత్రం ఒప్పుకోను. మంచి కంపెనీ బేరింగ్ కూడా తప్పు స్లీవు కింద అలాగే పోతుంది.

ఈలోగా బండి నడపొచ్చా అంటే, మోత మాత్రమే ఉండి చక్రం పట్టి ఊపితే ఏమాత్రం ఆడకపోతే, మెల్లగా గ్యారేజీ దాకా పోవచ్చు. ప్లే ఉంటే మాత్రం హైవే ఎక్కవద్దు. హబ్ ఆడితే డిస్కు కూడా ఆడి బ్రేకు ప్యాడ్‌లను వెనక్కి నెట్టేస్తుంది, మొదటి తొక్కుడుకు పెడల్ ఖాళీగా కిందికి పోతుంది. బాగా ముదిరితే బేరింగ్ కాలి బిగుసుకుపోతుంది, లేదా హబ్ ఊడి చక్రమే విడిపోతుంది.

హబ్, నకల్ రెండూ దెబ్బతిన్న పాత కారుకు స్క్రాప్ మార్కెట్ నుంచి నకల్ అసెంబ్లీ తెచ్చి వేయించడం చాలామంది చేసే పనే, తప్పు కాదు. కాకపోతే అందులో ఉన్న బేరింగ్‌తోనే బిగించేయకండి, అది ఏ వరదలో మునిగి వచ్చిందో తెలీదు. దాన్ని తీయించి, బోరును లోపలి మైక్రోమీటర్‌తో అడ్డంగా, నిలువుగా రెండు చోట్ల కొలిపించండి. రెండు కొలతలూ ఒకటే రావాలి, కొత్త బేరింగ్ బయటి కొలత కన్నా కాస్త తక్కువ ఉండాలి. బోరులో పాత పంచ్ దెబ్బలు కనిపిస్తే ఆ నకల్‌ను అక్కడే వదిలేసి ఇంకోటి వెతుక్కోండి.